అవతలి గట్టు టవర్

కూతురు పుష్ప కాన్పుకు ఇంకా వారం ఉందన్న ధీమాతో రూప్లి, రామ్‌సింగ్ శ్రీరామనవమి కల్యాణానికి భద్రాచలం వచ్చారు. పొద్దున్నే అల్లుడు బలరాం ఫోన్ చేసి, పుష్పకు నొప్పులొస్తున్నాయనీ, ఖమ్మం దవాఖానాకు తీసుకుపోతున్నాననీ చెప్పాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా కాల్ కలవలేదు.

కరకట్ట మీద ఫోన్ కంపెనీ వ్యాన్ పక్కన ఇంజనీరు మెహర్ ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. రూప్లి ఆమెకు తన ఫోన్ చూపించింది.

"సిగ్నల్ గీతలన్నీ నిండుగున్నయ్. మాట పోతలేదేంది బిడ్డా?"

"అందరి ఫోన్లూ ఈ దగ్గర టవర్‌నే పట్టుకున్నయ్ పెద్దమ్మా. బస్సు ముందరనే ఉన్నది గానీ ఎక్కనీకె జాగ లేదు. గోదావరి అవతలి గట్టు టవర్ ఖాళీగుంది. కొన్ని ఫోన్లను అటు మళ్లిస్తున్న."

కాసేపటికి రూప్లి ఫోన్‌లో గీతలు సగానికి పడిపోయాయి. రామ్‌సింగ్ ఆ ఫోన్ లాక్కుని మెహర్ ముందు పెట్టాడు.

"ఉన్నయి గూడ పీకేసినవ్ గదమ్మా!"

"నావి గూడ పోయినయ్!" అంటూ చుట్టూ ఉన్నవాళ్లు మెహర్ మీదికి లేచారు.

"దూరం టవర్ గదా, గీతలు తక్కువనే ఉంటయ్. జర చేసి చూడుండ్రి!" అంది మెహర్ నవ్వుతూ.

రూప్లి చేసింది. ఒక్క రింగుకే బలరాం పలికాడు.

"అత్తమ్మా, ఆడపిల్ల పుట్టింది! ఇద్దరూ మంచిగున్నరు."

"ఆడపిల్లంట!" అని రూప్లి రామ్‌సింగ్‌కు కేకేసి చెప్పింది.

"స్పీకర్ పెట్టమ్మా, మేం గూడ వింటం!" అన్నారు ఇందాక అరిచినవాళ్లే.

కరకట్ట మీద పసిదాని ఏడుపు ఖంగున మోగింది.

"ఏం గొంతు! అచ్చం అమ్మమ్మదే," అన్నాడు రామ్‌సింగ్.