గుండెకాయ ముగ్గు

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే మదన్ మోహన్ చేసే మొదటి పని, నిన్నటి ముగ్గును నేల మీంచి లేపి మేకుకు తగిలించడం. మెదక్‌లో చర్చి రోడ్డు మీద అతనిది డీటీపీ షాపు. వాళ్లమ్మ కిష్టవ్వ వేసిన ముగ్గు ఆరితే గట్టిపడి, అంచు పట్టి గుంజితే తువ్వాలలా లేచొస్తుంది. మేకు నిండితే ఇరుగుపొరుగు తీసుకుపోయి చిక్కుడు తీగ పాకించుకుంటారు. అందులో వింతేముంది, కిష్టవ్వ ముగ్గంటే అంతే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, బడుల్లేవు. మదన్ మోహన్‌కు మాత్రం కరపత్రాల పనితో ఊపిరాడడం లేదు. అప్పుడొచ్చింది ఫేబ, చేతిలో సీడీతో. చర్చి కాంపౌండు పిల్ల, టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. పుట్టుకతోనే చూపు లేదు.

"అన్నా, కాలేజీ బందు గదా, సార్ పాఠాలన్ని గిండ్ల పెట్టిచ్చిండు. నా కంప్యూటర్ ఏదైనా చదివి వినిపిస్తది గని, దీన్ని పెడితే 'గ్రాఫిక్, గ్రాఫిక్' అంటది. ఇంకో మాట అంటలేదు."

తెరిచి చూస్తే అన్నీ పుస్తకం పేజీల ఫొటోలు. చదవడానికి అక్షరముంటేగా! సమ్మె ముగియగానే ఆమె పిల్లల ముందు గుండె పాఠం చెప్పి చూపించాలి. చెప్పలేకపోతే ట్రైనింగ్ మానుకొమ్మని, ఆ సీడీ ఇచ్చిన రాంచందర్ సారు ముందే అనేశాడు.

"గంతేనా? నేను టైపు జేస్త" అన్నాడు మదన్ మోహన్. పెండ్లి పత్రికల ఫాంటులో ముత్యాల్లా కొట్టాడు. వినిపిస్తే మిషను నోట్లో గులకరాళ్లు పోసుకున్నట్టు వాగింది. ఆ ఫాంటు కంటికే తెలుగు, లోపలంతా ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం. ఇన్నేళ్లూ తాను చూపున్నవాళ్లకే తెలుగు రాశానని తెలిసి అతనికి మనసు చివుక్కుమంది. కరపత్రాలు పక్కనపెట్టి, మిషనుకు కూడా తెలుగుగానే అందే యూనికోడ్ నేర్చుకుని, పాఠమంతా మళ్లీ కొట్టాడు. ఈసారి మిషను బుద్ధిగా చదివింది. చదివి చదివి, బొమ్మ దగ్గర మళ్లీ "గ్రాఫిక్" అంది.

బొమ్మ వెనక, కంటికి కనబడకుండా మిషను మాత్రమే చదివేలా, అతనే ఒక మాట చేర్చాడు: "ఎరుపు, నీలం రంగుల్లో చక్కటి గుండె."

ఫేబ పకపకా నవ్వింది. "ఎరుపేందో నాకెట్ల ఎరుక అన్నా? ఏది యాడున్నదో చెప్పరాదు."

మదన్ మోహన్ బతుకంతా బొమ్మలు పేర్చినవాడే, ఒక్కదాన్నీ నోటితో చెప్పి ఎరుగడు.

"జర జరుగు" అంది కిష్టవ్వ. తెర వంక చూసి, గడప ముందు గుండెను ముగ్గుగా వేసింది. ఆరాక లేపి ఫేబ ఒళ్లో పెట్టింది. ఫేబ వేళ్లు గీతల వెంట నడిచి ఒకచోట ఆగాయి.

"అవ్వా, రెండు దిక్కుల గోడలు ఒక్క తీరుగున్నయి. పాఠంల ఎడమ దిక్కుది దొడ్డుగుంటదని ఉన్నది."

"ఒక దిక్కు లావు, ఒక దిక్కు సన్నం. గసొంటి ముగ్గు యాడన్న ఉంటదా బిడ్డా? ఇంటికి మంచిది గాదు."

"ఇది ఇల్లు గాదవ్వా, గుండెకాయ. ఎడమ దిక్కుది ఒళ్లంతటికి రక్తం తోలాలె."

కిష్టవ్వ కాసేపు గొణిగింది. ఆపైన బతుకులో మొదటిసారి, తెలిసి తెలిసి వంకర ముగ్గు వేసింది. అది ఆరి ఫేబ చేతుల్లోకి రాగానే మెల్లగా కొట్టుకోసాగింది.

"ఇగ సరిగ్గ వచ్చింది" అని కిష్టవ్వ చేతులు దులుపుకుంది.

ఫేబ తడుముతూ చెప్పింది, మదన్ మోహన్ బొమ్మ వెనక టైపు చేశాడు: "పైన రెండు అరలు, కింద రెండు. ఎడమ కిందిదాని గోడ దొడ్డుది, ఎందుకంటే దాని పని పెద్దది."

సమ్మె ముగిసింది. పాఠం రోజున రాంచందర్ సారు వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "బొమ్మ చూడకుంట ఎట్ల చెప్తవమ్మా?" అన్నాడు. మదన్ మోహన్ చేసిచ్చిన కొత్త సీడీని కంప్యూటర్‌లో పెట్టి ఫేబ మీట నొక్కింది. మిషను ఆమె మాటల్నే పలికింది. గుండె ముగ్గు పిల్లల చేతులు మారుతూ వెనక బెంచీకి చేరింది. సారు దాన్ని పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు.

"ఆ సీడీ నాకియ్యి బిడ్డా" అన్నాడు చివరికి. "ఇగ మీద చదువుకోను వచ్చేటోళ్లందరికి గిదే ఇస్త. నువ్వు మానుడు గీనుడు ఏం లేదు."

ఇప్పుడు ఆ ముగ్గు టేక్మాల్ ఊరి బడిలో గడియారం పక్కన వేలాడుతోంది. మామూలుగా మెల్లగా కొట్టుకుంటుందట. గేటు దగ్గర ఫేబ టీచరమ్మ చేతికర్ర చప్పుడు వినబడితే మాత్రం జోరందుకుంటుందని పిల్లలు చెబుతారు.