నూట ఇరవై గ్రాముల అన్నం

కుక్కర్ మూత తీయగానే అవని చేసే మొదటి పని పక్కకు తప్పుకోవడం. భర్త శశికాంత్ వచ్చి, స్కేల్ మీద ఆమె పళ్లెం పెట్టి, అంకె సున్నాకి వచ్చాక గరిటెతో అన్నం వేస్తాడు. నూట ఇరవై దాటితే గరిటె అంచుతో మెతుకులు వెనక్కి తీస్తాడు. ఫోన్‌లో ఏదో నొక్కి "డన్" అంటాడు. అప్పుడు అవని మళ్లీ ముందుకొచ్చి మిగతా ముగ్గురికీ వడ్డిస్తుంది. వాళ్లకు తూకం లేదు.

ఇదంతా అమెరికాలోనే ఇంకో ఊరు కమ్మింగ్‌లో, శశికాంత్ పెదనాన్న కొడుకు గృహప్రవేశంలో మొదలైంది. ఫోటోలు చూస్తూ ఎవరో "శశి పక్కన ఉన్నావిడ వాళ్ల అక్కగారా?" అన్నారు. అందరూ నవ్వారు. శశికాంత్ కూడా నవ్వాడు, కానీ తిరుగు ఫ్లైట్‌లో ఒక్క మాట మాట్లాడలేదు. పిస్కాటవేలో తమ ఇంటికి చేరిన వారంలోనే స్కేల్ వచ్చింది. "దీన్నొక ప్రాజెక్ట్‌లా తీసుకుందాం అవనీ. ట్రాకింగ్ అంతా నేను చేస్తా. నీకు విల్ పవర్ లేదు, అది నీ తప్పు కాదు" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే, ఆమె థాంక్స్ చెప్పింది.

తగ్గాలని ఆమెకూ ఉంది. రియా పుట్టాక చేరిన బరువు ఏడేళ్లుగా ఒంటిని అంటిపెట్టుకునే ఉంది, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తున్నాయి. మొదట్లో చీర కుచ్చిళ్లకు ఇంకో మడత వస్తే సంతోషం వేసింది కూడా. ఆ సంతోషం ఎప్పుడు పోయిందో ఆమెకు సరిగ్గా తెలియదు. బహుశా పప్పులో ఉప్పు చూస్తున్నప్పుడు వెనక నుంచి శశికాంత్ "అది కూడా క్యాలరీలే కదా" అన్న రోజు అయివుండాలి. ఆ రోజు నుంచీ రుచి చూడకుండానే వండుతోంది. ఉప్పు తగ్గితే మళ్లీ అదే మనిషి "కాస్త చూసుకోవద్దూ?" అంటాడు. రెండు మాటలూ ఒకే నోటినుంచి వస్తున్నాయని అతనికి తోచదు. ఆమెకు తోచినా పైకి అనలేదు. బెండకాయలు వేగుతున్న వాసన పీలుస్తూ గరిటె తిప్పడం, ముగ్గురూ తిన్న గిన్నెలు కడగడం, మర్నాటి లంచ్ బాక్సులకు కూర తీసిపెట్టడం, మధ్యలో ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకోకపోవడం. దీన్నే అతను స్నేహితుల ముందు "మా ఇంట్లో డిసిప్లిన్" అంటాడు. ఆ డిసిప్లిన్ తనదిగా చెప్పుకుంటాడు. ఆకలి మాత్రం ఆమెదే.

ఆఫీసులో ఎవరైనా డోనట్లు తెస్తే అవని నీళ్ల బాటిల్ పట్టుకుని డెస్క్ దగ్గరే కూర్చుంటుంది. "యూ ఆర్ సో స్ట్రాంగ్" అంటుంది మేనేజర్. ఒకసారి ఆవిడ చూడకుండా అవని ఒకటి తినేసి, పెదాలకు అంటిన పంచదార పొడి తుడుచుకోవడానికి రెస్ట్‌రూమ్‌కి పరిగెత్తింది. ముప్పై ఐదేళ్ల మనిషి, సొంత జీతం ఉన్న మనిషి, అద్దంలో తన నోరు తనే దొంగ నోరులా చూసుకుంది.

ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన అత్తగారు ఉమామహేశ్వరికి ఇదంతా ముచ్చటగా ఉంది. "నీ మొగుడికి ఎంత శ్రద్ధమ్మా నీమీద! మీ మావయ్యకైతే నేను తిన్నానో పస్తున్నానో కూడా తెలిసేది కాదు" అంటుంది.

మార్చి నెలలో ఒంటి బరువు తగ్గడం ఆగిపోయింది. శశికాంత్ ఆదివారమంతా లాప్‌టాప్ ముందు కూర్చుని, "ప్లాటూ వచ్చింది. అన్నం ఎనభైకి తగ్గిద్దాం" అన్నాడు.

"నాకు కళ్లు తిరుగుతున్నాయండీ."

"బాడీ అడ్జస్ట్ అవుతోంది. వన్ మోర్ మంత్, ప్లీజ్. ఇంతా చేసి ఇప్పుడు వదిలేస్తావా?"

గురువారం మధ్యాహ్నం స్కూల్ నుంచి రియాను తీసుకుని వస్తున్నప్పుడు ముందున్న కారు వెనక లైట్లు రెండు నాలుగయ్యాయి. స్టీరింగ్ మీద చేతులు చల్లబడ్డాయి. అవని ఇండికేటర్ వేసి, కుడివైపు కనిపించిన షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లోకి ఎలాగో తిప్పి, రెండు గీతల మీదికి అడ్డంగా ఆపేసి, తల సీటుకి ఆనించింది. వెనక నుంచి ఎవరో హారన్ కొట్టి వెళ్లిపోయారు.

"అమ్మా, ఆర్ యూ ఓకే?"

"ఓకే నాన్నా. ఒక్క నిమిషం."

వెనక సీట్లో జిప్ తీసిన చప్పుడు. రియా సీట్ బెల్ట్ విప్పుకుని, రెండు సీట్ల మధ్య నుంచి చెయ్యి చాపింది. చేతిలో లంచ్ బాక్స్, అందులో సగం పులిహోర.

"ఇది నీకు. ఐ సేవ్డ్ ఇట్."

అవని చెయ్యి ఆమె ఆలోచన కంటే ముందు వెళ్లింది. చెంచా కూడా అడగలేదు. వేళ్లతో గబగబా, నమలకుండా మింగేసింది. బాక్స్ అడుగున ఆవాలు కనిపించాక గానీ అది ఎవరి అన్నమో ఆమెకు గుర్తు రాలేదు.

"నువ్వు తినలేదా?"

"కొంచెం తిన్నా."

"ఇలా రోజూ దాస్తావా?"

"నో, ఓన్లీ నీకు ఇష్టమైనవి. కానీ ఇంట్లో ఇవ్వాలంటే డాడీ ఉంటారు కదా. సో ట్రాష్‌లో వేస్తా." రియా గొంతు తగ్గించింది, కారులో ఇంకెవరో ఉన్నట్టు. "నేను డాడీకి చెప్పను. ప్రామిస్."

అవని ఖాళీ బాక్స్‌కి మూత పెట్టింది. ఇన్నాళ్లూ తన ఆకలి తన ఒక్కదాని సంగతే అనుకుంది. ఓర్చుకుంటే సరిపోతుందనుకుంది. ఏడేళ్ల పిల్ల దాన్ని కనిపెట్టి, తన కడుపు మాడ్చుకుని, పైగా తండ్రి దగ్గర దాచడం కూడా నేర్చేసుకుంది. ఎవరు నేర్పారు? ఎదురుచెప్పకుండా ఊరుకోవడాన్ని ఓర్పు అనుకుంటూ, రోజూ కళ్లముందు చేసి చూపించింది తనే.

షాపులో ఒక అరటిపండ్ల అత్తం కొని, ఇద్దరూ కారులోనే కూర్చుని తిన్నారు. కళ్లు తిరగడం పూర్తిగా తగ్గాకే అవని కారు తీసింది.

సాయంత్రం దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు చేసింది. అన్నం ఉడకగానే టేబుల్ మీద అందరికీ పళ్లేలు పెట్టి, తన పళ్లెంలో వడ్డించుకుని, పప్పు కలిపి, నెయ్యి వేసుకుని తినడం మొదలుపెట్టింది. ఈ ఇంట్లో అందరికంటే ముందు ముద్ద నోట్లో పెట్టుకోవడం ఇదే మొదటిసారి. ఉమామహేశ్వరి ఆశ్చర్యపోయి చూసింది. శశికాంత్ మెడలో హెడ్‌సెట్‌తో మెట్లు దిగాడు.

"ఏంటిది? తూకం వేశావా?"

"లేదు."

"అవనీ! ఎంత వేసుకున్నావో చూశావా అసలు? ఇన్ని నెలల ఎఫర్ట్..."

"రియా లంచ్‌లో సగం తినకుండా నాకోసం దాస్తోంది. ఇవ్వడం కుదరకపోతే పారేస్తోంది. మీకు తెలియకూడదని."

రియా తల దించుకుంది. ఉమామహేశ్వరి కంగారుగా "పిల్ల ముందు ఎందుకమ్మా ఇదంతా" అంది.

"పిల్ల ముందే కావాలి అత్తయ్యా. పస్తుంటున్నది అదే."

"సో, ఇప్పుడు తప్పు నాదా?" శశికాంత్ గొంతు లేచింది. "నీ హెల్త్ కోసం నా టైమంతా పెట్టి... ముందు అది పక్కన పెట్టు. మాట్లాడుకుందాం." వంగి ఆమె పళ్లెం అంచు పట్టుకున్నాడు.

అవని రెండో అంచు పట్టుకుంది. పళ్లెం ఇద్దరి మధ్యా కదలకుండా నిలబడింది.

"చెయ్యి తియ్యి."

పెళ్లయిన పదేళ్లలో అతన్ని ఆమె ఏకవచనంలో పిలవడం ఎవరూ వినలేదు. అది కోపంలో జారిన మాట కాదని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. శశికాంత్ తల్లి వైపు చూశాడు, ఆవిడ ఏదైనా అంటుందని.

ఉమామహేశ్వరి తన పళ్లెం కాస్త పక్కకు జరిపింది. "మేం ఆడవాళ్లం అందరి తర్వాతా కూచుని, మిగిలిందే తినేవాళ్లం" అంది. "చాలీచాలక ఉండేది. కానీ మా పళ్లెంలోంచి వెనక్కి తీసినవాళ్లు మాత్రం లేర్రా శశీ."

అతను చెయ్యి తీశాడు. మెట్లెక్కి వెళ్లిపోయాడు. పైన గది తలుపు గట్టిగా పడింది. రియా ఉలిక్కిపడి తల్లి వైపు చూసింది. అవని ఎడమ చేత్తో పిల్ల వీపు నిమిరి, "తిను నాన్నా" అంది. రేపు ఎలా ఉంటుందో, ఈ మౌనం ఎన్నాళ్లు నడుస్తుందో తెలియదు. డాక్టర్ దగ్గరికి తనొక్కతే వెళ్లాలని మాత్రం తెలుసు. బరువు తగ్గాలో వద్దో, తగ్గితే ఎంత తిని తగ్గాలో తనే అడిగి తెలుసుకోవాలి.

ఉమామహేశ్వరి కూర్చోలేకపోయింది. ఎంతైనా కొడుకు. లేచి, ఖాళీ పళ్లెం తీసుకుని గరిటె అందుకుంది. "ఆకలితో పోయాడు. నేనే పైకి పట్టుకెళ్లి ఇచ్చొస్తానమ్మా."

"కూర్చోండి అత్తయ్యా" అంది అవని. "ఆకలేస్తే వచ్చి తింటాడు. అన్నం ఇక్కడే ఉంది. ఎవరూ ఆపరు."