నడుముకు కట్టిన తావీదు

గల్ఫ్ దేశంలో, బౌషర్‌లోని మా ఆసుపత్రికి ఎముకల గట్టితనం కొలిచే యంత్రం 1996లో వచ్చింది. దాని మీద పని నాది. యంత్రాన్ని నేనే కనిపెట్టినంత గర్వంగా తిరిగేదాన్ని. నడుమునూ తుంటినీ ఎక్స్‌రేతో చూసి, ముందు ముందు ఎముక విరిగే ప్రమాదం ఎంతో కంప్యూటరు తెర మీద చుక్క పెట్టి చూపేది. చుక్క పచ్చరంగులో పడితే దిగుల్లేదు. ఎరుపులో పడితే జాగ్రత్త.

ఖతీజమ్మ ఆ పచ్చ కోసమే వచ్చింది. కడప మనిషి, అల్ మవాలేలో కొడుకు జావెద్ దగ్గర ఉంటుంది. అన్నావదినలతో బస్సులో మక్కాకు, ఉమ్రా యాత్రకు వెళ్లాలని ఆశ. కొడుకూ వస్తే బాగుండునని ఇంకా పెద్ద ఆశ, కానీ అతనికి ఎప్పుడూ డ్యూటీయే. ఈలోగా బాత్రూమ్‌లో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. డాక్టరు సరేనంటే తప్ప బస్సు ఎక్కనివ్వనని జావెద్ మొండికేశాడు.

బల్ల మీద పడుకోబెట్టి బొమ్మ తీశాను. చుక్క పచ్చరంగులో పైపైకి పోయింది.

"ఉక్కు నడుము, పిన్నిగారూ" అని నోరు జారాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. తీరా బొమ్మ చూద్దును కదా, వెన్నుపూస మీద తెల్లగా మెరుస్తూ చిన్న గొట్టం.

"నడుముకేమైనా కట్టుకున్నారా?"

"తావీదు. నొప్పికని మా అమ్మ కట్టినాది."

"ఆ వెండి తావీదును కూడా మీ ఎముకే అనుకుంది కంప్యూటరు. తీసేస్తే మళ్లీ చూద్దాం."

"తీసేది లేదు. బాగనే వచ్చినాది గదా. ఇదే డాక్టరమ్మకు చూపించు."

నిజం చెప్పొద్దూ, చూపించేద్దామనే అనిపించింది. కానీ రేపు ఆవిడ బస్సు మెట్ల మీద పడితే? కోపమూ జాలీ కలిసి వచ్చాయి.

"తీయొద్దులెండి. తాడు తిప్పి తావీదును పక్కకు జరుపుకోండి" అన్నాను. గొణుగుతూనే జరుపుకుంది. ఈసారి చుక్క ఎరుపు అంచున వాలింది. ఖతీజమ్మ కళ్లు తుడుచుకుంటూ లేచింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

డాక్టరు తహ్సీన్ హైదరాబాదావిడ. తల్లీకొడుకులను కూర్చోబెట్టి, ఎరుపు అంచున పడ్డ చుక్కను చూపించింది.

"పోవచ్చు. కానీ సంచులు ఎత్తొద్దు. జనంల ఒక్కతే నడవొద్దు, పడితే తుంటి విరుగుతది. చెయ్యి పట్టుకోనీకి ఇంట్ల మనిషి ఉండాలె."

జావెద్ తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"మామకే మోకాళ్ల నొప్పులు. నేనే వస్తాలే అమ్మీ" అన్నాడు చివరికి.

"డ్యూటీ?"

"లీవు అడుగుతా."

ఖతీజమ్మ నా వైపు తిరిగి చూసింది. తడికళ్లతో అంత నవ్వు నేను ఎవరి మొహంలోనూ చూడలేదు.

ఏడాది తర్వాత మళ్లీ పరీక్షకు వచ్చింది. మాత్రలు మింగి, పాలు తాగి, రోజూ నడిచిందట. బల్ల ఎక్కగానే తావీదును తనే పక్కకు జరుపుకుంది. చుక్క ఎరుపును వదిలి కాస్త పైకి వచ్చింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు, బయట కూర్చున్న జావెద్‌కు చెబుదామని తలుపు దగ్గరికి నడిచాను.

ఖతీజమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిగానే ఉంది.

"ఉదయమ్మా, బలమొచ్చిందని వానికి చెప్పబాకమ్మా. ఈ ఏడు గూడా వానితోనే మక్కాకు పోవాల."