విప్పింది విప్పినట్టే

టెస్టు బెంచీ పక్కన పోయిన నెలలో కొత్తగా ఒక కౌంటర్ బిగించారు. బెంచీ మీద పెట్టిన వాల్వు ఆవిరి ఒత్తిడికి తెరుచుకున్న ప్రతిసారీ అందులో ఒక అంకె పెరుగుతుంది. ఇంటికెళ్ళే ముందు ఆ అంకెను డైరీలో రాసుకోవడం మీటరమ్మకు అలవాటైంది. మీటరమ్మ అన్నది వర్క్‌షాప్ వాళ్ళు పెట్టిన పేరు. మీటరు మీద నుంచి చూపు తిప్పదని మొదట వెక్కిరింతగా అన్నారు, పోనుపోను ఆమె అసలు పేరు అందరూ మర్చిపోయారు.

నిన్న సాయంత్రం డైరీలో రాసుకున్నది పదిహేడు. ఈ పొద్దున కౌంటర్‌లో ఉన్నది పంతొమ్మిది. ఆమె ఇంకా గ్లవ్స్ కూడా తొడుక్కోలేదు.

ఆ అణు విద్యుత్ కేంద్రంలో ఆవిరి పైపుల మీద పన్నెండు సేఫ్టీ వాల్వులున్నాయి. ఒత్తిడి ఎనభైకి చేరగానే అవి వాటంతటవే తెరుచుకుని ఆవిరిని బయటికి వదలాలి. ఎనభై ఎనిమిది దాటితే పైపులకు ఎవరూ హామీ ఇవ్వరు. రియాక్టర్ ఆపినప్పుడల్లా మూడు వాల్వుల్ని విప్పి తెచ్చి పరీక్షిస్తారు. డెబ్బై ఎనిమిదికీ ఎనభై రెండుకీ మధ్య తెరుచుకుంటే పాసు. మూడింటిలో ఒక్కటి తప్పినా మిగిలిన తొమ్మిదీ విప్పాల్సిందే. వీటన్నిటికీ పైన ఒక రూలుంది: విప్పింది విప్పినట్టే బెంచీ ఎక్కాలి. తుడవకూడదు, తట్టకూడదు, ఊరికే ఒకసారి తెరిచి చూడకూడదు. ఏడాదిన్నర పైపు మీద కూర్చున్న వాల్వు మొట్టమొదట ఎంతకి తెరుచుకుందో అదే నిజం. రెండోసారి బుద్ధిగానే తెరుచుకుంటుంది, ఎందుకు తెరుచుకోదు? లోపల అతుక్కున్నదేదో మొదటి దెబ్బకే ఊడిపోయి ఉంటుంది.

మూడో వాల్వును ట్రాలీ మీద నుంచి దించుతున్న పెద్ద ఫిట్టర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమెకు స్వయానా మేనమామ. ఆమెకు స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"మావయ్యా, పొద్దున బెంచీ ఎవరు నడిపారు?"

"నేనే." ఆయన దాచలేదు. దాచాల్సిన విషయమని ఆయనకు తోచనే లేదు. "నువ్వొచ్చేసరికి సిద్ధంగా ఉంటాయని ఒకటో నంబరుకీ రెండో నంబరుకీ ఒక్కసారి చొప్పున ఆవిరి కొట్టి పెట్టా. ఇదిగో, దీన్ని కూడా..."

"కొట్టి పెట్టావా?"

"ఒళ్ళు విరుచుకోనివ్వాలి కదే. ఏడాదిన్నర కదలకుండా కూర్చుంది పాపం. నిద్ర లేచినవాణ్ణి మొహం కూడా కడుక్కోనివ్వకుండా పరీక్షకు కూర్చోబెడతామా?"

"ఎంతకి తెరుచుకున్నాయి?"

"చూళ్ళేదు. అది లెక్కలోకి రాదుగా."

చూళ్ళేదట! చూడాల్సిన ఒక్క అంకె అదే, దాన్ని చూళ్ళేదట! మీటరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"బెంచీ వచ్చినప్పటి నుంచీ. నాకు పని నేర్పినాయన అలాగే చేసేవాడు."

గోడ మీద అద్దాల ఫ్రేములో ఒక ప్రశంసాపత్రం వేలాడుతోంది. పదకొండేళ్ళుగా ఒక్క వాల్వు కూడా తప్పలేదని దాని సారాంశం. ప్రతి శుక్రవారం దాని దుమ్ము తుడిచేది ఆమే. పదకొండేళ్ళ కాగితాల మీద సంతకమూ ఆమెదే. తన సంతకం పెట్టి అంతమంది కళ్ళకు తానే గంతలు కట్టిందన్నమాట. ఆమెకు మామ మీద ఎంత కోపం వచ్చిందో తన మీదా అంతే వచ్చింది.

"దీని మీద చెయ్యి వెయ్యకు," అంది. "బెంచీ ఎక్కించు. ఇలాగే."

షట్‌డౌన్ మేనేజర్ అప్పుడే లోపలికి వచ్చాడు. ఎల్లుండి రియాక్టర్ మొదలవ్వాలి. ఆ తొందరలో ఆయనకు ఎవరి మొహమూ కనిపించడం లేదు. విషయం విని, "ఇంతేనా! నేనింకా ఏం కొంప మునిగిందో అనుకున్నా," అన్నాడు.

ఆమె జవాబివ్వకుండా ఆవిరి వదిలింది. ముల్లు డెబ్బై దాటింది. ఎనభై వచ్చింది. వాల్వు కిమ్మనలేదు. ఎనభై రెండు. ఎనభై నాలుగు. పెద్ద ఫిట్టర్ చెయ్యి దానంతటదే సుత్తి వైపు వెళ్ళబోయి ఆగిపోయింది. ఎనభై ఆరు. ఎనభై ఏడు దగ్గర వాల్వు ఢామ్మని పేలినట్టు తెరుచుకుంది. షెడ్డంతా ఆవిరి మోత.

"సరే," అన్నాడు మేనేజర్ గొంతు సవరించుకుని. "దీన్ని ట్రయల్ అనుకుందాం. ఇంకోసారి కొట్టండి, అది రాసుకోండి."

"ఎనభై ఏడే రాస్తా."

"అమ్మా, రెండోసారి సరిగ్గా వస్తుందని నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"తెలుసు సార్! అందుకేగా నా ఒళ్ళు మండుతోంది!" ఆమె గొంతు షెడ్డు రేకులకు తగిలి తిరిగొచ్చింది. "నిజంగా ఒత్తిడి పెరిగిన రోజున రెండోసారి ఎక్కడుంటుంది? ఆ రోజు పొద్దున్నే వచ్చి, పైపెక్కి, ఒళ్ళు విరుచుకోమ్మా అని దీన్ని లేపేదెవరు? మీరా? మా మావయ్యా?"

మేనేజర్ పెద్ద ఫిట్టర్ వైపు తిరిగి, "పెద్దాయనా, మీ మేనకోడలికి మీరైనా చెప్పండి," అన్నాడు.

ఆయన ఇంకా మీటరు వైపే చూస్తున్నాడు. మొహం ఒక్కసారిగా వాడిపోయింది. ఇన్నేళ్ళూ తాను కన్నబిడ్డల్లా చూసుకున్న వాల్వులు అవి.

"చెప్పడానికేముంది సార్. ఎనభై ఏడు నేనూ చూశా," అన్నాడు. తర్వాత ఆమెతో, "రాయి. కింద నేను చేసింది కూడా రాయి. పదకొండేళ్ళదీ రాయి."

అది రాస్తే ఆయన గేటు పాసూ ఉద్యోగమూ ఉండవని ముగ్గురికీ తెలుసు. మీటరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎనభై ఏడు అని రాసింది. దాని కింద మామ పేరు పూర్తిగా రాసింది. ఆ పేరు కింద, పదకొండేళ్ళు అడగకుండా సంతకం పెట్టిన మనిషిగా తన పేరూ రాసింది. మేనేజర్ ఫోను చెవికి ఆనించుకుని గబగబా బయటికి నడిచాడు.

పెద్ద ఫిట్టర్ సంచిలో స్పానర్లు సర్దుకుని తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"మిగతా తొమ్మిదీ విప్పి తేవాలిగా. వాళ్ళు నా గేటు పాసు లాక్కునేలోపు ఆ పని నేనే చేస్తా. నువ్వూ రా అమ్మాయ్."

"నేనెందుకు?"

"అలవాటైన చెయ్యి. తెలీకుండానే తట్టేస్తానేమో. పక్కనుండి చూస్తూ ఉండు."

ఆమె కోపం చల్లారలేదు. కళ్ళు మాత్రం నిండాయి. డైరీ చంకలో పెట్టుకుని, ఆయన చేతుల మీద నుంచి చూపు తిప్పకుండా వెనకే నడిచింది.