పన్నెండుగురికి ఒక్క లాగిన్

ఆ సోమవారం పొద్దున టెక్సస్‌లోని ప్లేనో ఊరి మీద ఆకాశం తోమని గిన్నె అడుగులా ఉంది. పడమట నలుపు, నడినెత్తిన పసుపు కలిసిన బూడిదరంగు. కురిసేదీ కాదు, విడిచేదీ కాదు. వీరభద్రం కారు పార్క్ చేసి కాసేపు పైకి చూశాడు. మబ్బును చూసి పత్తికి మందు కొట్టాలో వద్దో తేల్చుకునే ఇంట్లో పుట్టినవాడు. పదహారేళ్ళుగా కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నా ఆ అలవాటు పోలేదు.

ఆఫీసు అద్దాల తలుపు ముందు రేణు నిలబడి ఉంది. మెడలోని బ్యాడ్జిని గోడకున్న పెట్టెకు ఆనించింది. ఎర్ర దీపం వెలిగింది. చున్నీతో తుడిచి మళ్ళీ ఆనించింది. మళ్ళీ ఎరుపే. మిగతావాళ్ళు ఆమె పక్కనుంచే లోపలికి పోతున్నారు. ఒకతను తలుపు పట్టుకున్నాడు గానీ సెక్యూరిటీ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు వీరభద్రం.

"తెలీట్లేదన్నా. శుక్రవారం దాకా బానే పనిచేసింది."

లోపలినుంచి చక్రధర్ వచ్చాడు. వీళ్ళందరినీ ఈ దేశానికి తెచ్చి ఈ కంపెనీలో పనికి పెట్టిన కాంట్రాక్టరు అతనే. తలుపు పూర్తిగా తెరవకుండా, సందులోంచి మాట్లాడాడు.

"క్లయింట్ నిన్ను టెర్మినేట్ చేశాడమ్మా. నా చేతుల్లో లేదు. బీటా టెస్ట్ నీ పేరు మీదే పాస్ అయింది కదా. నీ హెచ్‌వన్ వీసా కూడా ఇవాళే విత్‌డ్రా చేయాలి."

"ఆ టెస్ట్ నేను ముట్టుకోను కూడా లేదు చక్రధర్ గారూ!"

"సిస్టమ్‌లో నీ పేరుంది," అన్నాడతను. తలుపు మూసుకుంది.

తలుపుకి ఇవతల వీరభద్రం రేణు మొహం చూడలేక పక్కకు తిరిగాడు. ఎందుకో చెప్పాలి.

అది రెండువేల తొమ్మిది. ఎక్కడ చూసినా ఉద్యోగాలు ఊడుతున్న ఏడాది. ఆ కంపెనీ బ్లూస్టెమ్ అనే సాధనం తయారుచేస్తోంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు దినమంతా అందులోనే ఉంటారు. రాసేదీ అందులోనే, నడిపి చూసేదీ అందులోనే. దాని కొత్త బీటాను, అంటే తుది రూపానికి ముందు జనానికి వదిలేదాన్ని, పరీక్షించే పని చక్రధర్ కిందున్న పన్నెండుగురిది. ఫలితాలు ఎక్కించే చోట మనిషికొక లాగిన్ ఉండాలని కంపెనీ షరతు. చక్రధర్ ఒక్కటే కొన్నాడు, మొదట చేరిన రేణు పేరు మీద. పన్నెండుగురూ దాంట్లోంచే పని ఎక్కించేవాళ్ళు. ఎవరూ తప్పనుకోలేదు. హాస్టల్లో ఒకే బకెట్టుతో స్నానాలు చేసి చదువుకున్నవాళ్ళు. వాళ్ళకు అది సర్దుకుపోవడంగానే కనిపించింది.

ఆ అలవాటు వల్లనే బ్లూస్టెమ్‌లోని జబ్బు బయటపడింది. మూడు వారాల కింద వీరభద్రం, శేషగిరి తెలియక ఒకే ఫైలు తెరిచారు. ఇద్దరూ ఒకేసారి సేవ్ కొట్టారు. ఇద్దరి రాతా పోయింది, ఫైలు ఖాళీ. వీరభద్రం రిపోర్టు పెట్టాడు. కంపెనీ ఇంజనీరు ఒక్కడే కూర్చుని చూశాడు గనక అతనికి కనబడలేదు. "మాకు రాలేదు" అని ఒక ముక్క రాశాడు. ఆ ముక్క పట్టుకుని చక్రధర్ రిపోర్టు మూసేశాడు.

గురువారం వీరభద్రాన్ని తన గదిలోకి పిలిచాడు. "రేపు రిలీజ్. ఆ ఒక్కటీ పాస్ కొట్టెయ్," అన్నాడు. బల్లమీద వీరభద్రం వీసా పొడిగింపు కాగితం సంతకం కోసం చూస్తోంది. వీరభద్రం కొట్టాడు, రేణు లాగిన్‌లోంచి. రెండు రోజుల్లో వందల మంది రాసుకున్న పని ఖాళీ ఫైళ్ళుగా మారింది.

పొద్దున కాఫీ వేళకు మిగిలిన పదకొండుగురూ పార్కింగ్‌లోకి వచ్చారు. రేణు తన కారులో కూర్చుని ఉంది. ఏడవడం లేదు. స్టీరింగ్ మీద గోరుతో గీస్తోంది.

"మా ఆయనదీ పాపదీ నా మీద ఆధారపడ్డ డిపెండెంట్ వీసా. నాది పోతే ముగ్గురం పెట్టెలు సర్దుకోవాల్సిందే," అంది. "సర్దుకుంటాం, అది కాదు. చేయని పనికి దొంగ ముద్రేసి పంపిస్తున్నాడు. ఈ ముద్ర మీద రేపు ఇంకెవడిస్తాడు ఉద్యోగం?"

వీరభద్రం ముందుకొచ్చాడు. "ఆ పాస్ నేనే కొట్టిన చెల్లె."

"మీరా?"

"నేనే. గురువారం."

"తప్పని తెలిసే?"

"తెలిసే. నా ఎక్స్‌టెన్షన్ కాగితం ఆయన బల్లమీద ఉండె."

"మీ కాగితం కోసం నా కాగితం చింపేశారన్నమాట."

అతను తల దించలేదు. దించితే తేలికైపోతుందని తెలుసు.

"వీరన్న ఒక్కడేనా?" అని అరిచాడు జగదీష్, కరీంనగర్ పిల్లగాడు. అందరిలోకీ చిన్నవాడు, నోరు పెద్దది. "నేను చూడకుంట ఇరవై పాస్‌లు కొట్టిన. ఇక్కడ కొట్టనోడెవడో చెయ్యి లేపుండ్రి!"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"అందరం చేశామంటే ఎవరూ చేయనట్టే అయిపోద్ది," అన్నాడు శేషగిరి. ఒంగోలు మనిషి, గ్రీన్‌కార్డు ఆఖరి మెట్టు మీద ఉన్నవాడు. "వెళ్ళి చెప్తే ఏమవుద్ది? ఒకరికి బదులు పన్నెండుగురం విమానమెక్కుతాం. నా పెద్దోడు హైస్కూల్లో ఉన్నాడయ్యా."

"రేపు నిన్ను ఇట్లనే తలుపు కాడ నిలబెడితే?" అన్నాడు జగదీష్.

"రేపటి సంగతి రేపు."

"మస్తు చెప్పినవ్! మూడేండ్లసంది గిదే రేపు!"

మాటలు ముదిరాయి. ఎవరి భయం వాళ్ళు చెప్పుకున్నారు. ఒకరికి ఇంటి లోను, ఒకరికి నెలలు నిండిన భార్య. ఇన్ని భయాలూ ఒకే మనిషి సంతకానికి వేలాడుతున్నాయని ఆ గోలలోనే మెల్లగా అర్థమైంది.

అప్పటిదాకా కలగజేసుకోని పద్మజ అంది: "రోజూ పదకొండింటికి మీటింగులో ఆయన 'ఎనీ ఇష్యూస్?' అంటాడు. మనం వరసగా 'నో ఇష్యూస్' అంటాం. ఇవాళ ఆ మాట అనకుండా ఉండగలమా? అది చెప్పండి ముందు."

రేణు కారు దిగింది. "నా కోసం ఏమీ చేయొద్దు. రేణు కోసం ఉద్యోగాలు పోగొట్టుకున్నామని రేపు నామీదే పడతారు. ఎవరు చేసిన పనికి వాళ్ళ పేరు చెప్పుకోండి. అంతే."

పదకొండయింది. బీటా దెబ్బతింది గనక ఆ రోజు మీటింగుకు కంపెనీ మేనేజరు కెవిన్ స్వయంగా వచ్చాడు. చక్రధర్ ఇస్త్రీ నవ్వుతో అడిగాడు: "టీమ్, ఎనీ ఇష్యూస్?"

వీరభద్రం లేచాడు. పదో తరగతి దాకా ఊరి బడిలో చదివిన ఇంగ్లీషు. "ఎస్ సర్. ఇష్యూ," అన్నాడు.

"వీరభద్రం, కూర్చో," అన్నాడు చక్రధర్ తెలుగులో.

కూర్చున్నాడు, కంప్యూటర్ ముందు. ఫైలు తెరిచాడు. గోడమీది తెరపై అందరికీ కనబడుతోంది. ఇది ఒక్కడివల్ల అయ్యే పని కాదు. పక్క కంప్యూటర్ దగ్గరికి ఎవరో రావాలి. జగదీష్ కదిలేలోపు కుర్చీ లాగిన చప్పుడైంది. శేషగిరి. అదే ఫైలు తెరిచాడు.

"లెక్కపెట్టు," అన్నాడు శేషగిరి.

"ఒకటి. రెండు. మూడు."

ఇద్దరూ సేవ్ కొట్టారు. తెరమీద నూరు వరసలు మాయమయ్యాయి. తెల్లటి ఖాళీ మిగిలింది. కెవిన్ మళ్ళీ చేయమన్నాడు. మళ్ళీ అంతే.

"మూడు వారాల కిందే చెప్పాం. రిపోర్టు మూసింది ఈయన," అని పద్మజ నెంబరుతో సహా చూపించింది.

"మరి పాస్ పెట్టింది ఎవరు?" అని అడిగాడు కెవిన్.

"నేను," అన్నాడు వీరభద్రం. "రేణు కాదు. ఆమె లాగిన్ మేమందరం వాడుతున్నాం."

"నేను కూడా," అన్నాడు జగదీష్. "నేను కూడా," అన్నాడు శేషగిరి. ఆ మాట బల్ల చుట్టూ తిరిగి పదకొండో మనిషి దాకా వెళ్ళింది. పద్మజ కొత్త రిపోర్టు తెరిచింది. పేరు రాసే గడిలో ఒక్క పేరే పడుతుంది. అందుకని కింద వివరాల్లో పదకొండు పేర్లూ కొట్టింది. ఈ టెస్టు రేణు చేయలేదని పైన రాసింది. మనిషికొక లాగిన్ ఇచ్చేదాకా రెండో బీటాను ముట్టుకోబోమని చివర రాసింది.

చక్రధర్ మొహం కందిపోయింది. "మిమ్మల్ని ఈ దేశానికి తెచ్చింది నేను!"

"చేతులు పని చేస్తయని తెచ్చినవ్ సార్," అన్నాడు జగదీష్. "వాటెంట నోర్లు గూడ వచ్చినయ్. ఏం జేద్దాం?"

కెవిన్ బయటికి పోయి అరగంట ఫోన్లో మాట్లాడి వచ్చాడు. బీటాను వెబ్‌సైట్ నుంచి తీసేశారు. లాగిన్ పంచుకోవడం ఒప్పందానికి విరుద్ధం కనుక పదకొండుగురినీ కూడా తీసేశారు. చక్రధర్ కాంట్రాక్టు సంగతి తర్వాత చూస్తారట. న్యాయం ఆ గదిలోకి అంతవరకే వచ్చింది.

సెక్యూరిటీ మనిషి బ్యాడ్జీల కోసం డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. వీరభద్రం మెడలోంచి బ్యాడ్జి తీశాడు, డబ్బాలో వేయలేదు, పిడికిట్లో పట్టుకున్నాడు. "ఆ టెస్ట్ రేణు చేయలేదని రాసి సంతకం పెట్టండి. అప్పుడిస్తాం," అన్నాడు. పద్మజ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. పదకొండు పిడికిళ్ళు మూసుకున్నాయి. పోలీసుల్ని పిలుస్తామన్నారు. "పిలవమను," అన్నాడు శేషగిరి. పావుగంట ఎవరూ కదల్లేదు. చివరికి కెవిన్ రెండు వరసలు ప్రింటు తీసి సంతకం పెట్టాడు.

బయట రేణు ఆ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత కారు బానెట్ మీద కాగితం పెట్టి, చక్రధర్ పైన లేబర్ డిపార్ట్‌మెంటుకు ఫిర్యాదు రాశారు. మొదటి సంతకం రేణుది. ఆమె పెన్ను వీరభద్రానికి ఇచ్చింది. అతని వైపు చూడలేదు గానీ ఇచ్చింది.

అతను సంతకం పెడుతుండగా రెండో అంతస్తునుంచి ఇంకో కాంట్రాక్టరు మనుషులు దిగివచ్చారు. ఎనిమిది మంది. ముందున్నతను కాగితం కేసి చూసి, "ఇట్లాంటిది మాకూ ఒకటి రాసిపెడతారా?" అని అడిగాడు. పద్మజ ఇంకో తెల్లకాగితం తీసింది.

ఒంటిగంట దాటింది. ఆ ఎనిమిది మందితో కలిసి పార్కింగ్ పక్క గడ్డిలో కూర్చున్నారు. డబ్బాలు తెరుచుకున్నాయి: టమోటా పప్పు, బెండకాయ వేపుడు, పెరుగన్నం. రేణు తెచ్చుకోలేదు. వీరభద్రం తన డబ్బా మూతలో సగం అన్నం పెట్టి ఆమె ముందుంచాడు. ఆమె కొంతసేపు ముట్టుకోలేదు. తర్వాత పప్పు కలుపుకుంది. ఇరవై మంది తింటున్నారు.