రాహేలు చిమ్మటలు

అఫ్జల్‌గంజ్ ఫ్రేముల దుకాణంలో బేబీ పొద్దున్నే షట్టర్ ఎత్తగానే లైటు వేయదు. ముందు చిమ్మటల పటాలన్నిటినీ గోడవైపు తిప్పుతుంది. లేకపోతే వెలుతురు పడగానే బొమ్మలోని చిమ్మట పాక్కుంటూ పైఅంచు చేరుతుంది. దాన్ని బుజ్జగించి మళ్లీ నడిమధ్యకు తెచ్చేసరికి చాయ్ చల్లారిపోతుంది. అందుకే చిమ్మటల పటానికి వెనకాల రెండు వరసలు టేపు వేస్తారు. సందు దొరికితే కాగితం వదిలి పోతాయని బజారులో అందరికీ తెలుసు.

ఆ మంగళవారం బంజారాహిల్స్ గ్యాలరీ యజమాని శ్రీనాథ్ వచ్చి, బల్లమీద ఇరవై బొమ్మల కాగితాలు పరిచాడు. ఒక్కోదాంట్లో ఒక్కో చిమ్మట.

"మా తాత ప్రొఫెసర్ రఘునాథ్ గీసినవి. యాభై ఏళ్ల నాటివి. శుక్రవారం ఎగ్జిబిషన్."

బేబీ చూపు కింది అంచున ఆగిపోయింది. చీమతలకాయంత అక్షరాలు: రాహేలు. ఇరవైలోనూ అదే పేరు. ఆమె కన్నతల్లి పేరు. రాహేలు అప్పట్లో ఆ ప్రొఫెసర్ కాలేజీ ల్యాబులో అటెండరు. సీసాలు కడిగి, నేల తుడిచి, కిటికీ పక్కన కూర్చుని చిమ్మట రెక్కమీది పొడిని కూడా కుంచెతో చుక్కచుక్కగా కాగితం మీదికి దించేది. దించీ దించీ చూపు పోగొట్టుకుంది.

"సార్, ఇవి మా అమ్మ ఏసినయి. పేరు చూడుండ్రి."

"అటెండర్ రంగు పూస్తే ఆర్టిస్ట్ అయితదా?" నవ్వాడు శ్రీనాథ్.

"మీ తాత చేత్ల పెన్ను తప్ప కుంచె ఎన్నడన్న చూసిన్రా? కింద ఒక్క ముక్క రాయుండ్రి. 'బొమ్మలు: రాహేలు' అని. గంతే. అమ్మ బతికుండంగనే చదివి ఇనిపిస్త."

"లొల్లి వద్దు. అంచు మీది అట్ట ఒక ఇంచు లోపలిదాకా రావాలె, ఆ పేరు కనపడొద్దు. మీ అమ్మకు ఎట్లాగూ కండ్లు లేవు, ఫికర్ ఏంది?"

బేబీ కత్తి అందుకుంది. అట్ట ఆయన చెప్పినట్టే కోసింది, వెంట్రుకవాసి తేడా లేకుండా. అద్దాలు మెరిసేలా తుడిచింది. టేపు మాత్రం వేయలేదు. నల్లగుడ్డలో చుట్టి పంపింది.

శుక్రవారం సాయంత్రం హాలంతా మసక. వేదికమీద శ్రీనాథ్‌కి ఒక్కడికే పెద్ద లైటు పెట్టారు. "మా తాతగారి చేతి కళ" అని మొదలుపెట్టాడో లేదో, ఒక చిమ్మట ఫ్రేము వెనకనుంచి జారి వచ్చి నుదుటిమీద వాలింది. వెనకే మిగతావి. బుగ్గలు, గొంతు, ముంజేతులు. దులిపితే రాలలేదు, చర్మంలోకి ఇంకిపోయాయి. ఒక్కోదాని కాళ్లకింద అదే పేరు, ఇప్పుడు వేలెడంత.

ముందువరసలో ఒకావిడ కళ్లద్దాలు సర్దుకుంది. "రాహేలు. ఎవరండీ ఈమె?"

సోమవారం శ్రీనాథ్ ఫలక్‌నుమాలో రాహేలు, బేబీ కూర్చున్న గడప ముందు నిలబడ్డాడు. మొహానికి చుట్టిన మఫ్లర్‌ని చిమ్మటలు కొరికి జల్లెడ చేశాయి. అది నాలుగోది.

"అమ్మా, మీ చేత్తో ఏసినవి. మీరు పిలిస్తే వస్తయి."

రాహేలు చేయి చాపి ఆయన మొహం, గొంతు, ముంజేతులు తడిమింది, రెక్క రెక్కనా ఆగుతూ.

"ఈడ ఏం రాసుందే బేబీ?"

"రాహేలు."

"ఈడ?"

"రాహేలు."

ఇరవైసార్లు అడిగింది. ఇరవైసార్లు చదివించుకుంది. శ్రీనాథ్ కళ్లనీళ్లు ఆమె వేళ్లమీదికి కారాయి. అయినా ఒక్క రంగూ కరగలేదు.

"పిలుస్త గానీ సారూ, వచ్చినంక యాడ ఉంచాలె? నీ గోడల మీద నా పేరుకు జాగ లేదంటివి గద."

ఆయన చిరుగుల మఫ్లర్ మళ్లీ చుట్టుకోబోయాడు.

"మొహం కప్పకు బిడ్డా," అంది రాహేలు మెత్తగా. "రెక్కలు నలుగుతయి."

ఆయన మఫ్లర్ లేని మొహంతో ఎదురుగా ఉన్న స్టేషన్ వైపు నడిచాడు. గడప మీద తల్లీకూతుళ్లు చెవులు రిక్కించారు. టికెట్ల లైనులో ఎవరో ఆయన మొహం మీది పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ గట్టిగా చదువుతున్నారు.