బడీ కోఠీ తోట

అరుణజ్యోతి, దుర్గ్ దగ్గరి స్టీల్ ప్లాంటులో, టౌన్‌షిప్ విభాగంలో సివిల్ ఇంజనీరు. తండ్రి బొబ్బిలి నుంచి ఈ హిందీ ప్రాంతానికి వచ్చి ఇదే ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి చనిపోయాడు. అప్పటినుంచీ సెక్టర్ 7 క్వార్టరులో తల్లి పార్వతమ్మా, తనూ ఇద్దరే. ముప్పై ఆరేళ్లు నిండాక ఆమె పెళ్లి మాట చుట్టాలు కూడా ఎత్తడం మానేశారు.

1994లో దగ్గర్లోని కుమ్హారి ఊరికి అవతల ఉన్న పాత జమీందారు మహలును వారసులు ఒక ట్రస్టుకు అప్పగించారు. చుట్టుపక్కలవాళ్లు దాన్ని బడీ కోఠీ, అంటే పెద్ద బంగళా, అంటారు. కట్టడం బాగుచేయించడానికి ఇంజనీరు కావాలని ట్రస్టువాళ్లు అడిగితే ప్లాంటువాళ్లు అరుణజ్యోతిని పంపారు. తోట సంగతి చూడడానికి విశాఖపట్నం నుంచి శ్యామసుందర్ వచ్చాడు. పాడుబడ్డ రాజుల తోటలను మళ్లీ నిలబెట్టడమే అతని వృత్తి.

మొదటిరోజు తోట అన్నచోట తుమ్మపొదలు తప్ప ఏమీ లేవు. శ్యామసుందర్ ఆమెను మేడమీదికి తీసుకెళ్లి, నాలుగు చదరాలుగా తోట ఎలా ఉండేదో, వాటి మధ్య కాలువలు ఎటు పారేవో, అవి కలిసేచోట ఫౌంటెన్ ఎంత ఎత్తు చిమ్మేదో చేత్తో చూపిస్తూ చెప్పాడు. వింటూ ఉంటే ఆమెకు తోట నిజంగానే కనిపించింది. లేనిదాన్ని అంత ఇష్టంగా చూసే మనిషిని ఆమె అంతకుముందు ఎరగదు.

ఆ చలికాలమంతా ఆమె గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపించి గోడల పగుళ్లు పూడ్పించింది. సిమెంటు పనికి అలవాటుపడ్డ మేస్త్రీలు గొణుక్కుంటూనే చేశారు. అతను తాళ్లు కట్టించి, కాలువల వెంబడి గోరింట మొక్కలు బారులుగా నాటించాడు. మధ్యాహ్నం ఇద్దరూ ఆమె క్యారియరే పంచుకునేవారు. సంగతి గ్రహించిన పార్వతమ్మ ఏమీ అడక్కుండానే ఇంకో గిన్నె కట్టసాగింది.

భూమిలోని పాత మట్టిగొట్టాలు పగిలిపోవడంతో నీటి పని ఆలస్యమైంది. వేసవంతా తవ్వకాలతోనే గడిచింది. రెండో ఏడు వానలు వెనకపట్టాక శ్యామసుందర్‌కు రాజస్థాన్‌లో ఒక కోట తోట పని వచ్చింది. ఆ సాయంత్రం ఎండిన ఫౌంటెన్ గట్టుమీద కూర్చుని ఆ మాట చెప్పాడు.

"నాలుగైదేళ్లు పట్టీ పనండీ. మీరూ వస్తారా? పనికోసం కాదు, నాతో."

ఆ మాటకోసం ఆమె ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తోంది. తీరా విన్నాక నోట వచ్చింది వేరే.

"అమ్మనొక్కర్తినీ వదిలేసి ఎలాగొస్తానండీ? ఈ ఊరు తప్ప ఆవిడకింకేటీ తెలీదు."

అతను బలవంతపెట్టలేదు. మరుసటి వారం నీళ్లు వదిలారు. మొదట బురద, తర్వాత తేటనీరు కాలువల్లో పాకుతూ నాలుగు వైపులా చేరింది. పనివాళ్లంతా నీళ్లవైపు చూస్తుంటే అతను ఆమెవైపు చూశాడు. అది తెలిసి ఆమె తలెత్తలేదు. అతను దుర్గ్‌లో రైలెక్కిన రోజు స్టేషనుకు కూడా వెళ్లలేదు.

రెండు నెలలు చూసి పార్వతమ్మే అడిగింది, ఆ శ్యామసుందర్ బాబు మరి రాడేటని. అరుణజ్యోతి దాచలేక ఉన్నదంతా చెప్పేసింది. తల్లి నొచ్చుకుంది.

"నన్నొక్కమాట అడిగితే నీకేటి పోయేదే? నానూ వచ్చేద్దును. ఈ క్వార్టరేటి మనదా?"

మర్నాడు అరుణజ్యోతి డ్యూటీ దిగి సుపేలా బజారులో ఎస్టీడీ బూత్‌కు వెళ్లి, అతను ఇచ్చి వెళ్లిన నంబరుకు ఫోను చేసింది. అవతల శ్యామసుందరే ఎత్తాడు. కుశల ప్రశ్నలయ్యాక అతనే నెమ్మదిగా, ఇంట్లోవాళ్లు సంబంధం కుదిర్చారనీ మాఘంలో పెళ్లనీ చెప్పాడు. బయట ఆటోల హారన్లు. ఆమె రిసీవరును చెవికి ఇంకాస్త దగ్గరగా నొక్కుకుంది.

"ఏదైనా చెప్పాలని ఫోను చేశారాండీ?" అని అడిగాడు.

"ఏటీ లేదండీ. నీళ్లు బాగా పారతన్నాయి. అదే చెబుదామని."

గోరింట ఎంత ఎదిగిందని అడిగాడతను. మోకాలి ఎత్తు వచ్చిందని చెప్పింది. తర్వాత ఆమే ఫోను పెట్టేసింది.

1997లో కోఠీని జనం చూడడానికి తెరిచారు. వీలైన ఆదివారాల్లో అరుణజ్యోతి తల్లిని తీసుకుని వెళ్లేది. పార్వతమ్మ తోటలోని మంటపంలో కూర్చుంటే తాను కాలువల వెంబడి తిరిగేది. ఒకసారి ఫొటోలు తీసుకుంటున్న కొత్త పెళ్లికూతురొకతె ఆమెను ఆపి, ఇంత అందమైన తోట వేసిందెవరు దీదీ అని హిందీలో అడిగింది. అరుణజ్యోతి అతని పేరు చెప్పింది.

"మీకు బాగా తెలుసా ఆయన?" అందా అమ్మాయి.

అరుణజ్యోతి తెలుసన్నట్టు తల ఊపింది. భర్త పిలిస్తే ఆ అమ్మాయి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కాలువ దాటి వెళ్లిపోయింది. ఆ పేరు పైకి పలికి ఎన్నాళ్లయిందో అనుకుంటూ అరుణజ్యోతి చాలాసేపు అక్కడే నిలబడింది. ఆఖరి బస్సుకు వేళవుతోందని తల్లి కేకేసేదాకా కదల్లేదు.